బండల మీద పరిచిన పటం

భూగోళం అనగానే నాకు దేశాలూ నదులూ గుర్తుకు రావు, మోకాళ్ల నొప్పులు గుర్తుకొస్తాయి. లెక్కలు కుర్చీలో కూర్చుని చెప్పొచ్చు. తెలుగు వాచకం కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు, పిల్లలు చదువుతుంటే మధ్యమధ్యలో ఊ కొడితే చాలు. భూగోళానికి మాత్రం వంగాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, లేవాలి, మళ్లీ వంగాలి. ఎందుకంటే మా బడిలో దేశపటం గోడకు ఉండేది కాదు, నేల మీద ఉండేది.

కర్నూలు జిల్లాలో, డోన్ వెళ్లే దారిలో బస్సు దిగి ఎండలో చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు అది. ఊరికి ఎడంగా పేట, పేట చివర మిషను వాళ్ల ప్రాథమిక పాఠశాల. ఒకే ఒక్క గది. ఆదివారం అందులో ఆరాధన జరిగేది, మిగతా దినాల్లో బడి. గోడలు మట్టివి, పైన బోద గడ్డి కప్పు, కింద మాత్రం ఎవరో పుణ్యాత్ములు కడప బండలు పరిపించారు. మా ఆయన ఉపదేశి, వాక్యం చెప్పేవాడు. సైకిలు తొక్కుకుంటూ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుండేవాడు, వారంలో సగం దినాలు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే. ఒకటో తరగతికి అ ఆలు దిద్దిస్తూ, మూడో తరగతిని ఎక్కాలు అప్పజెప్పమని, ఐదో తరగతికి హిమాలయాలు చెప్పాలి. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో మాట్లాడే ఓపిక ఉండేది కాదు. మా ఆయన ఏదైనా అడిగితే చేత్తోనే సైగ చేసేదాన్ని.

పటం సంగతి చెబుతాను. నేను వచ్చేనాటికి అది గోడకే వేలాడుతుండేది. ఒక వానాకాలం చెదలు పట్టి పైనున్న కర్రనూ, కర్రకు అతికించిన గుడ్డనూ తినేశాయి. వానలు కురిసిందే అంతంత మాత్రం, చెదలకు మాత్రం ఏ లోటూ రాలేదు. కొత్త పటం కావాలని మిషనుకు ఎన్నిసార్లు చెప్పించినా సరే చూద్దామన్నారు. సరే చూద్దామంటే ఏమిటో ఉద్యోగం చేసేవాళ్లందరికీ తెలుసు. అందుకని పటాన్ని గది మధ్య బండల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాను.

పరిచాక నాకే ముచ్చటేసింది. గోడకున్నప్పుడు పిల్లలు ఉత్తరం అంటే దూలం కేసి చూసేవాళ్లు. నీళ్లు పైనుంచి కిందికి కదా పారేది, తుంగభద్ర గోడ మీద అడ్డంగా ఎట్లా పోతుందని ఒకడు నన్నే నిలదీశాడు. నేల మీద ఆ బాధ లేదు. పటంలో ఉత్తరాన్ని నిజంగా ఉత్తరానికే పెట్టాను. తుంగభద్ర పటంలోనూ పడమటి నుంచి తూర్పుకే పోయింది, బయటా అటే పోయింది. కాశీకి ఎటు పోవాలిరా అంటే పిల్లలు లేచి నిలబడి వేలు చూపించేవాళ్లు. ఆ పటం మాత్రం మహా పాతది. అందులో మనమింకా మద్రాసు కిందే ఉండేవాళ్లం. నేను చెప్పబోయే ఏడాదికి కర్నూలు రాజధాని అయ్యిందని, డేరాల్లో ఆఫీసులు పెట్టారని అందరూ గొప్పగా చెప్పుకుంటున్నారు, పటం నేలకు దిగి అప్పటికి ఐదారేళ్లు. రాజధాని మా దగ్గరికి వచ్చింది గానీ మా బావిలోకి నీళ్లు రాలేదు. నేను బొగ్గుముక్కతో కర్నూలు చుట్టూ ఒక సున్నా చుట్టి ఊరుకున్నాను.

ఇప్పుడు పిల్లలు కూర్చునే తీరు చెప్పాలి. మా బడికి పేట పిల్లలతో పాటు ఊరి రైతుల పిల్లలు కూడా కొందరు వచ్చేవాళ్లు. దగ్గర్లో ఇంకో బడి లేక వచ్చేవాళ్లు, మా మీద ప్రేమతో కాదు. నాకంటే ముందున్న ఉపాధ్యాయుడి కాలంలోనే ఊరి పెద్దలు ఒక కట్టడి పెట్టారు. వాళ్ల పిల్లలు వాకిలి దిక్కు, గాలి తగిలేచోట కూర్చుంటారు. పేట పిల్లలు లోపల గోడ దిక్కు కూర్చుంటారు. ఒకరికొకరు తగలకూడదు. పిల్లల సంఖ్య తగ్గితే బడి ఎత్తేస్తారు గనక మిషను వాళ్లు సరేనన్నారు. నేనూ అలాంటి పేటలోనే పుట్టినదాన్ని, కడప దిక్కు. బావి దగ్గర ఎడంగా నిలబడి ఎవరైనా నీళ్లు పోస్తారేమోనని ఎదురుచూడటం నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మొదట్లో ఆ కట్టడి మీద పోట్లాడాను, మా ఆయనతో, మిషను వాళ్లతో, నాలో నేను. తర్వాత ఓపిక అయిపోయింది. పోట్లాడటానికి కూడా కడుపు నిండా తిండి, కంటి నిండా నిద్ర కావాలి.

వాకిలి దక్షిణానికి ఉండేది. గోడ ఉత్తరానికి. మధ్యలో పటం.

పేట పిల్లల్లో ఒక పిల్ల ఉండేది. ఐదో తరగతి. చంకలో తమ్ముణ్ణి వేసుకుని బడికి వచ్చేది. వాడు ఏడిస్తే లేచి గోడవారన అటూ ఇటూ తిరుగుతూ పాఠం వినేది, కూర్చున్నవాళ్ల కంటే బాగా వినేది. లెక్క బోర్డు మీద పూర్తిగా రాయకముందే జవాబు చెప్పేసి నాకు చిరాకు తెప్పించేది. కాస్త ఆగవే తల్లీ, మిగతావాళ్లను కూడా బతకనీ అని ఎన్నిసార్లు అన్నానో. పైకి విసుక్కున్నా, ఏండ్ల తరబడి గొంతు చించుకున్న తర్వాత అలాంటి పిల్ల ఒకతి దొరికితే ప్రాణం ఎట్లా లేచివస్తుందో చాక్‌పీసు పట్టినవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఏడాది నాకున్నది ఒక్కటే కోరిక. ఆ పిల్లను కడపలో మా మిషను బోర్డింగు బడికి పంపాలి. నేను చదువుకున్నదీ అక్కడే. మా దిక్కు పిల్లలకు అందులో ఒకే చోటు ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఐదో తరగతిని అన్ని పాఠాల్లోనూ పరీక్షించి, బాగుందన్న పిల్లను మిషను దొరసానమ్మ తీసుకుంటుంది. ఆ చోటు రాకపోతే పిల్ల పని అయిపోయినట్టే. వాళ్ల అమ్మా నాయనా ఎండాకాలం రాగానే కాలవ తవ్వకానికి పోతున్నారు, మట్టి పనికి. తల్లి గంప మోస్తుంటే పసివాణ్ణి చూసుకోవడానికి ఈ పిల్ల కావాలి. చోటు వస్తే పిల్లనూ పసివాణ్ణీ అవ్వ దగ్గర వదిలి పోయేటట్టు, జూన్‌లో పిల్లను బోర్డింగుకు పంపేటట్టు తల్లిని చచ్చీ చెడీ ఒప్పించాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా మనిషి, మంచివాడే, ఎండకు మొహం కందిపోయి ఉన్నాడు. దొరసానమ్మ కూడా వచ్చింది, మరునాటి ఆరాధన చూసుకుని పోదామని. ఆ పిల్ల వాచకం గడగడా చదివింది. లెక్కల్లో ఇన్‌స్పెక్టరునే ఆపి, మీరు ఒక అంకె వదిలేశారని చెప్పింది. ఆయన నవ్వాడు. దొరసానమ్మ నావైపు చూసి తల ఊపింది. ఇంక గట్టెక్కినట్టేనని నేను కొంగుతో మెడ తుడుచుకున్నాను.

తర్వాత భూగోళం. పటం కింద ఉండటం చూసి ఇన్‌స్పెక్టరు ఇదేమిటమ్మా, దేశాన్ని కిందేశారు అన్నాడు. ఇద్దరు పెద్ద పిల్లల్ని పిలిచి చెరొక కొన పట్టుకుని పటాన్ని నిలబెట్టమన్నాడు. ఆ పిల్ల చేతికి బెత్తం ఇచ్చి కాశ్మీరం చూపించమన్నాడు.

పిల్ల పటం ముందుకు వచ్చి నిలబడింది. పటం చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. వాకిలి చూసింది. మళ్లీ పటం చూసి, బెత్తం తీసుకుపోయి అడుగున కన్యాకుమారి మీద పెట్టింది. కన్యాకుమారి ఎక్కడ అంటే పైకి చూపించింది. వాకిలి దిక్కు పిల్లలు కిసకిస నవ్వారు.

ఆయన గోడ దిక్కు నుంచి ఇంకొకణ్ణి పిలిచాడు. వాడూ కాశ్మీరాన్ని అడుగునే చూపించాడు. వాకిలి దిక్కు నుంచి ఒక రైతు కూతుర్ని పిలిస్తే ఆ పిల్ల కాశ్మీరం, కలకత్తా, బొంబాయి టకటకా చూపించి కూర్చుంది.

అప్పుడు వెలిగింది నాకు. గోడకు వీపు ఆనించి కూర్చునేవాళ్లకు కాశ్మీరం మోకాళ్ల దగ్గర ఉంటుంది, కన్యాకుమారి దూరంగా, అవతల వాకిలి దిక్కు ఉంటుంది. బడిలో చేరిన నాటి నుంచీ ఆ పిల్లలు దేశాన్ని తలకిందులుగానే చూస్తున్నారు. పటాన్ని నిలబెట్టేసరికి వాళ్లకు అలవాటైన కాశ్మీరం అడుగుకు వచ్చింది. నేను గబగబా ఇన్‌స్పెక్టరుకు అదే చెప్పాను. నేల మీద పరిస్తే ఈ పిల్ల కళ్లు మూసుకుని కూడా చెబుతుంది, ఒక్కసారి చూడండి అన్నాను. ఆయన గడియారం చూసుకున్నాడు. పై బళ్లల్లో పటాలు నేల మీద పరిచి అడగరు కదమ్మా అన్నాడు. ఆయన జీపు ఎక్కబోతూ అన్న మాట ఇంకొకటి ఉంది. చాలా మెత్తగా, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"మీరు బాధపడకండమ్మా. మీ కష్టం కనపడుతూనే ఉంది. వాళ్లకు ఎక్కదు, అంతే."

తిట్టి ఉంటే తుడిచేసుకునేదాన్ని. ఆ మెత్తదనం ఉందే, అది ఇప్పటికీ మండుతుంది.

దొరసానమ్మ మంచిదే గానీ కట్టుబాటు మనిషి. ఇన్‌స్పెక్టరు కాదన్న పిల్లను ఎట్లా తీసుకునేది, మళ్లీ ఏడాది చూద్దాం అంది. ఆ మాట నేను తల్లికి చెబితే ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "మళ్లీ ఏడాదికి ఎవురు యాడ ఉంటామో టీచరమ్మా. పోనీలే. బిడ్డ మాతోనే వస్తాది," అని పిల్లవాణ్ణి చంక మార్చుకుంది.

సాయంత్రం పిల్లను నా దగ్గరికి పిలిచాను. కోపంగానే పిలిచాను. ఇది నా పొరపాటో దాని పొరపాటో తేల్చుకునే ఓపిక కూడా లేదు. పటం మీద పేర్లు తెలుగులో ఇంత లావు అక్షరాలతో రాసున్నాయి కదా, చదువు వచ్చిన దానివి, ఒక్కసారి చదువుకుని చూపించి ఉంటే ఏమయ్యేది అని అడిగాను. పిల్ల కాలి బొటనవేలితో బండను గీకుతూ నిలబడింది.

"అచ్చరాలు నాకు తిన్నగా కనపడినాయి టీచరమ్మా. ఎప్పుడూ అట్ల కనపడవు. నేను వాళ్ల దిక్కు నిలబడినానేమో అని భయమైపోయ. అందుకే చూడకుండా పెట్టేస్తి."

ఇంకొకటి అడిగాను, ఇన్నాళ్లూ అక్షరాలు తలకిందులుగా కనపడుతుంటే నాకెందుకు చెప్పలేదని. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. పటం వాళ్ల కోసం కదా రాసింది అంది.

పలక మీద రాసేటప్పుడు అక్షరం కాస్త ఒరిగినా నన్ను పిలిచి దిద్దించుకునే పిల్ల అది.

మరునాడు ఆరాధన అయిపోయి జనం వెళ్లిపోయాక దొరసానమ్మ మజ్జిగ తాగుతూ కూర్చుంది. అమ్మగారూ, కాస్త ఓపిక పట్టండి, ఇంకేమీ అడగను అని, పటం తెచ్చి బండల మీద పరిచాను. పిల్లనూ తల్లినీ పోనివ్వకుండా ఆపి ఉంచాను. పిల్లను వాకిలి దిక్కుకు పోయి కూర్చోమన్నాను. అక్షరాలు తిన్నగా కనపడితే ఈసారి భయం లేకుండా చదువుతుందని నా ఆశ.

పిల్ల కదల్లేదు. ఊరి పిల్లలు ఒక్కరూ లేరు. గదంతా మాదే. పొద్దున ఆరాధనలో పాటలు పాడినప్పుడు ఆ పిల్ల కూర్చున్నది కూడా ఆ వాకిలి దగ్గరే. అయినా పటం పరిచేసరికి అది వాళ్ల జాగా అయిపోయింది. పోవే, ఎవరున్నారు ఈడ అని గదమాయించాను. తల్లి అడ్డం వచ్చింది. "వద్దు టీచరమ్మా. రేపు ఆ మాట ఊర్లోకి పోతే మాకు కూలి పిలుపు ఉండదు," అంది. ఎవరో నిజంగా చూస్తున్నట్టు వాకిలి కేసి చూసింది కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద కాదు, ఎవరి మీదో నాకే తెలియదు. మోకాళ్ల మీద కూర్చున్నాను. నాలుగు రాళ్లూ తీసి పక్కన పడేసి, పటాన్ని పట్టుకుని ఈ కొన ఆ కొనకు తిప్పేశాను. ఉత్తరం దక్షిణానికి పోయింది. తుంగభద్ర పడమటికి పారింది. కాశీకి పోవాలంటే డోన్ మీదుగా కిందికి పోవాలి. నేను అంత ముచ్చటపడి కుదిర్చిన దిక్కులన్నీ ఒక్క దెబ్బకు మట్టిలో కలిశాయి. పోతే పోయాయి. ఇప్పుడు కూర్చో నీ జాగాలో అన్నాను.

పిల్ల గోడ దిక్కున తన చోట్లో కూర్చుంది. పటం మీదికి వంగింది. మోకాళ్ల దగ్గర కన్యాకుమారి, అక్షరాలు తిన్నగా. మొదట వేలు పెట్టి మెల్లగా చదివింది. మద్రాసు, బెంగుళూరు, బళ్లారి, నేను బొగ్గుతో చుట్టిన కర్నూలు. తర్వాత వేగం అందుకుంది. చదువుతూ మోకాళ్ల మీద ముందుకు జరుగుతూ, పటం మీదే పాకుతూ కాశ్మీరం దాకా పోయింది. తీరా చూస్తే వాకిలి దిక్కు దాకా వచ్చేసింది. అది ఆ పిల్లకు తెలియనే లేదు.

దొరసానమ్మ గ్లాసు కింద పెట్టి, గౌను సర్దుకుని తానూ బండల మీద కూర్చుంది. ఒక్కొక్క ఊరూ అడిగింది, పిల్ల చూపించింది. ఇక పటము లేపి పట్టుకొనుడి అంది. ఆమె తెలుగు బైబిలు తెలుగు. నేనూ తల్లీ చెరొక కొన పట్టుకుని నిలబెట్టాం. కాశ్మీరం అంటే పిల్ల వేళ్ల మీద నిలబడి పైకి చూపించింది.

"జూన్ మాసమున ఈ బాలిక రావలెను. ఆ ఇన్‌స్పెక్టరుతో నేను మాటలాడెదను," అంది దొరసానమ్మ.

నేను పటం వదిలేసి అక్కడే బండ మీద కూలబడ్డాను. సంతోషం కంటే ముందు అలసట వచ్చింది. తల్లి నా కాళ్లు పట్టుకోబోతే వద్దమ్మా, అవి ఇప్పటికే నొప్పులు అన్నాను. అందరం నవ్వాం. జూన్‌లో పిల్ల బోర్డింగుకు పోయింది. పోయేటప్పుడు తమ్ముణ్ణి అవ్వ చేతికి ఇచ్చి, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

ఆ ఆదివారం తర్వాత వచ్చిన సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. భూగోళం వేళకు పటాన్ని ముందురోజు తిప్పినట్టే, అక్షరాలు గోడ దిక్కుకు ఉండేలా పరిచాను. నేను నాలుగో రాయి ఇంకా పెట్టనే లేదు. శనివారం టకటకా జవాబులు చెప్పిన రైతు కూతురు వాకిలి దిక్కు నుంచి లేచింది.

"టీచరమ్మా, పటం తలకిందులుగా ఉండాది. మాకు చదవను రావడం లేదు."

ఆ పిల్ల తప్పేం లేదు. ఏ పిల్లయినా అడగాల్సిన మాటే అది. ఇన్నేళ్లుగా గోడ దిక్కు నుంచి ఆ మాట ఒక్కరి నోట్లోంచీ రాలేదే అని నాకు దుఃఖం పొంగుకొచ్చింది. బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఈ దినం అట్లే ఉంటుందమ్మా, రేపు మీ దిక్కుకు తిప్పుతాను అని చెప్పాను.

అప్పటినుంచీ ఒకనాడు అటు, ఒకనాడు ఇటు పరిచేదాన్ని. నాకు మోకాళ్ల నొప్పి రెండింతలైంది. దిక్కులు తప్పిన రోజున ఇవాళ ఉత్తరం ఇటు కాదు అటు అని చెప్పలేక తల ప్రాణం తోకకు వచ్చేది. పటం గోడ దిక్కుకు తిప్పిన ప్రతిసారీ వాకిలి దిక్కు పిల్లల్లో ఎవరో ఒకరు లేచి తలకిందులుగా ఉందని చెప్పేవాళ్లు. వాకిలి దిక్కుకు తిప్పిన రోజుల్లో నేను రాళ్లు పెట్టి, కొంచెం ఆగి, గోడ దిక్కు కేసి చూసేదాన్ని. అక్కడ కూడా ఎవరైనా ఒక్కరు లేచి అంటారేమోనని. ఆ ఊరి నుంచి నాకు బదిలీ అయ్యేదాకా అట్లా చూస్తూనే ఉన్నాను.